వాగులో రాయి తిప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

స్వర్ణముఖి నది గురించి మీ పత్రికలో వార్త కనిపిస్తే నేను మొదట అదే చదువుతాను. ఇసుక తవ్వకాలు, ఆక్రమణలు, మురుగు, వరద అన్నీ రాస్తున్నారు, రాయాలి కూడా. అయితే ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పిన నాకు ఒక వెలితి కనిపిస్తోంది. నదిలో నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఎంత మురికిగా ఉన్నాయి అని అందరూ అడుగుతారు. ఆ నీళ్లలో ఇప్పుడు ఏవేవి బతుకుతున్నాయి అని అడిగేవారు లేరు. ఆ ప్రశ్న అడగడానికే ఈ ఉత్తరం.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మనవరాలిని, పక్కింటి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని చంద్రగిరి పడమటి దిక్కున కొండ కింద పారే ఒక వాగుకు వెళ్లాను. చేతిలో తెల్లటి ఎనామిల్ పళ్లెం, టీ జల్లెడ, మెత్తటి రంగుల బ్రష్షు, భూతద్దం. అంతకుమించి ఏమీ అక్కర్లేదు. మోకాలి లోతు కూడా లేని పారుడు నీటిలోంచి అరచేతి వెడల్పు రాయి ఒకటి ఎత్తి, దాని అడుగు వైపును పళ్లెంలో కడిగాం. బల్లపరుపుగా ఉన్న చిన్న పురుగులు జారి పడ్డాయి. ఒక్కోదానికి మూడు తోకలు, పొట్టకు రెండు పక్కలా ఈకల్లా మొప్పలు. ఆ మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. అవి మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు. నీటిలో ప్రాణవాయువు తగ్గితే వీటిలో చాలా రకాలు నిలవలేవు. రాతికే అంటుకుని బియ్యపు గింజంత గొట్టం ఒకటి కనిపించింది. ఇసుక రేణువులను ఒకదానికొకటి పేర్చి అతికించినట్టుంది. కాసేపు కదలకుండా చూస్తే దాని చివర నుంచి గోధుమరంగు తల బయటికి వచ్చింది. క్యాడిస్ అనే పురుగు పిల్ల తన నోటి పట్టుతో ఇసుకను అతికించి కట్టుకున్న గూడు అది. "అమ్మమ్మా, దీనికి సొంత ఇల్లు ఉంది" అంది మా మనవరాలు.

అదే వాగు వెంట దిగువకు నడిచి, ఊరి మురుగు కలిసే చోటుకు కొంచెం కింద మళ్లీ ఒక రాయి ఎత్తాం. అడుగున నల్లటి జిగురు. పళ్లెంలో కడిగితే ఎర్రటి సన్నని పురుగులు మెలికలు తిరిగాయి, రెండు జలగలు కూడా. ఆ ఎరుపు మన రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్ లాంటి పదార్థానిదే. ప్రాణవాయువు బాగా తగ్గిన బురదలోనూ దాని బలంతోనే అవి బతకగలవు. ఇళ్లు కట్టుకునే పురుగు ఒక్కటి కూడా లేదు. అది ఎక్కడికి పోయిందని పిల్ల అడిగింది. మురుగు గట్టు మీద నిలబడి ఆ పిల్లకు చెప్పిన సమాధానం నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది.

నీటి నాణ్యత పరీక్ష అంటే మనకు తెలిసింది సీసాలో నీళ్లు పట్టి ప్రయోగశాలకు పంపడం. అది అవసరమే, నేను కాదనను. అయితే సీసా చెప్పేది పట్టిన ఆ నిమిషం సంగతి. రాత్రి ఎవరైనా ట్యాంకరు మురుగు వదిలి వెళ్లిపోతే, మర్నాడు పదింటికి పట్టిన సీసాలో దాని జాడ ఉండకపోవచ్చు. ఇంకో ఉదాహరణ చెబుతాను. పాచి పట్టి పచ్చగా ఉన్న మడుగులో మధ్యాహ్నం కొలిస్తే ప్రాణవాయువు నిండుగా కనిపిస్తుంది, ఎండలో పాచి దాన్ని తయారు చేస్తుంది కాబట్టి. అదే మడుగులో తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. కొలిచేవాళ్లు ఆ వేళకు రారు. రాతి కింది పురుగు మాత్రం రాత్రింబవళ్లు వారాల తరబడి, కొన్ని రకాలైతే నెలల తరబడి ఆ నీళ్లలోనే ఉంటుంది. మేఫ్లై లాంటి సున్నితమైన పురుగు అక్కడ బతికి ఉందంటే అన్నాళ్లూ నీరు బాగున్నట్టే.

ఇది నా సొంత ఊహ కాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కాలుష్యాన్ని నిర్వచించేటప్పుడు నీటి భౌతిక, రసాయన లక్షణాలతో పాటు జీవ లక్షణాలనూ పేర్కొంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నీటి పురుగులతో నదికి మార్కులు వేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. సున్నితమైన పురుగుల కుటుంబాలకు 10 దాకా, మురికిని తట్టుకునే వాటికి తక్కువ మార్కులు. అన్నీ చూసి ఆ చోటును ఐదు తరగతుల్లో ఒకదానిలో పెడతారు. శుభ్రమైన చోటుకు నీలం, మధ్యరకానికి ఆకుపచ్చ, పూర్తిగా చెడిపోయిన చోటుకు ఎరుపు.

ఆ పద్ధతిలోనే వైవిధ్యాన్ని లెక్కించే భాగం ఒకటి ఉంది. దానికి పురుగుల పేర్లు కూడా తెలియనక్కర్లేదు. చేతికి వచ్చిన క్రమంలో వాటిని వరసగా చూస్తూ పోవాలి. ముందుదానిలాగే ఉంటే అదే వరస, వేరుగా ఉంటే కొత్త వరస. వరసల సంఖ్యను మొత్తం పురుగుల సంఖ్యతో భాగించాలి. ఫలితం 1కి దగ్గరగా ఉంటే మంచిది. ఆ రోజు పిల్లలు ఎగువన 50 పురుగులు చూస్తే 31 వరసలు వచ్చాయి, అంటే 0.62. దిగువన 50కి 6 వరసలే, 0.12. ఒక్క పూట లెక్కతో తీర్పు చెప్పలేమని వాళ్లకు చెప్పాను. అయినా ఏడో తరగతి పిల్ల తన చేత్తో చేసిన భాగహారం అది.

మన వాగులకు ఒక చిక్కుంది, దాచను. ఇవి ఏడాది పొడవునా పారేవి కావు. ఎండిన వాగులో పురుగు లేకపోతే అది కాలుష్యం అనలేం. 2021 నవంబరులో వచ్చినంత వరద వస్తే రాళ్లే దొర్లిపోతాయి, వాటి మీది జీవం తిరిగి రావడానికి సమయం పడుతుంది. అందుకే ఈశాన్య రుతుపవనాల జోరు తగ్గి, నీరు తేటపడి, కొన్ని వారాలు నిలకడగా పారాక చూడాలి. శేషాచలం అడవిలో మనిషి చెయ్యి పెద్దగా పడని వాగు ఒకదాన్ని అటవీ శాఖ అనుమతితో ఎంచుకుని, మిగతా వాగులన్నిటినీ దానితో పోల్చాలి. ఎక్కడో చల్లటి దేశంలో నిత్యం పారే నదితో పోల్చి మన వాగుకు మార్కులు తగ్గించడం అన్యాయం.

నేను అడుగుతున్నది ఇది. 1977లో పూర్తయిన కల్యాణి డ్యామ్‌కు ఎగువన, భీమ, కల్యాణి అనే చిన్న నదులు వచ్చి స్వర్ణముఖిలో కలిసే తొండవాడ దగ్గర, తిరుచానూరు దాటాక, శ్రీకాళహస్తి గుడి ఘాట్లకు ముందు, ఇలా కొన్ని చోట్లను స్థిరంగా పెట్టుకుని, పారకం ఉన్న కాలంలో రెండుసార్లు కాలుష్య నియంత్రణ మండలి ఈ పరీక్ష చేయించాలి. మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విద్యార్థులకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది? చేపలనూ లెక్కలోకి తీసుకోవాలి. చేపలను బట్టి వాగు ఆరోగ్యాన్ని కొలిచే పద్ధతిని జేమ్స్ కార్ అనే అమెరికా శాస్త్రవేత్త 1981లోనే ప్రతిపాదించారు. జెల్లలు, కొర్రమీనులు ఏ మడుగులో దొరికేవో, ఎప్పటి నుంచి దొరకడం లేదో మన ఊళ్లలో వలలు వేసిన పెద్దవాళ్లకు తెలుసు. వాళ్లు ఉండగానే వెళ్లి అడిగి రాసుకోవాలి.

వచ్చిన ఫలితాన్ని తెలుగులో, ఆ ఐదు రంగుల్లో మీ పత్రిక జిల్లా పేజీలో వేయండి. నది పొడవునా ఎక్కడ నీలం, ఎక్కడ ఎరుపు అన్నది బొమ్మగా చూపితే చదువు రానివారికి కూడా అర్థమవుతుంది.

చంద్రగిరి, తిరుపతి చుట్టుపక్కల ఏ పాఠశాల పిలిచినా నా పళ్లెం, జల్లెడ తీసుకుని వస్తాను. దారి ఖర్చులు నావే. ఒక్క షరతు: చూడడం అయ్యాక పురుగులను నీళ్లలో వదిలి, రాయిని ముందు ఎలా ఉందో అలాగే పెట్టాలి. తిరగేసి వదిలేస్తే అడుగున అతుక్కున్న గూళ్లు ఎండకు మాడిపోతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
చంద్రగిరి, తిరుపతి జిల్లా