అప్‌డేట్ వచ్చింది, గంటల లెక్క తప్పింది

సంపాదకులకు,

గంటల లెక్కన బిల్లు వేసే అనువాదకులు, డిజైనర్లు, అకౌంటెంట్లు టైమర్ యాప్‌లనే నమ్ముకుంటారు. రాత్రికి రాత్రి యాప్ అప్‌డేట్ అయ్యాక చాలాసార్లు చెడేది టైమర్ కాదు, దాన్నుంచి దించుకునే ఫైలు. నిన్నటిదాకా 7:30 అని వచ్చిన గడిలో 7.50 కనిపిస్తుంది. రెండూ ఏడున్నర గంటలే; చుక్క తర్వాత ఉన్నవి నిమిషాలు కాదు, గంటలో నూరో వంతులు. పాత అలవాటుకొద్దీ ఏడు గంటల యాభై నిమిషాలని చదివితే 20 నిమిషాలు ఎక్కువ బిల్లవుతుంది, క్లయింట్ ఊరుకోడు. పోనీ 7:30ని చేత్తో 7.30 అని కొడితే 12 నిమిషాల కష్టం గాలికి పోయినట్టే.

ఎక్సెల్‌లో అయితే 7:30 ఉన్న గడిని 24తో గుణించి, జవాబు గడిని నంబర్ ఫార్మాట్‌లోకి మార్చాలి, 7.5 వస్తుంది. వారం మొత్తం 40 గంటలు కూడితే 16:00 అని చూపడం మరో చిక్కు. మామూలు ఫార్మాట్ 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలెడుతుంది. కస్టమ్ ఫార్మాట్‌లో గంటలను సూచించే హెచ్ అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెడితే 40:00 కనిపిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో టైమర్ మధ్యలో ఆగిపోతుంటే ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయాలి. ప్లే స్టోర్‌లో యాప్ పేజీ పైనున్న మూడు చుక్కలు నొక్కి ఆటో అప్‌డేట్ టిక్ తీసేస్తే, నెలాఖరు బిల్లులు పంపాక తీరిగ్గా అప్‌డేట్ చేసుకోవచ్చు. అంతకుముందే పాత లెక్కల సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) ఒకటి దించి పెట్టుకోవాలి.

రంగులు, బటన్లు ఎన్నిసార్లు మార్చినా సర్దుకుంటాం. ఫైలు ఫార్మాట్ మార్చే కంపెనీలు మాత్రం కనీసం ఒక బిల్లింగ్ నెలపాటు పాతదాన్నీ ఉంచాలి.

– ఓ పాఠకుడు, విజయవాడ