హమామత్సులో మా వీధివాళ్లకు కృతజ్ఞతలు

నిన్న మా పాప మొదటి పుట్టినరోజు. రాత్రి ఫొటోలు చూస్తూ కూర్చుంటే, ప్రతి దాంట్లో మా వీధివాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు. వాళ్లకు జపనీస్‌లో ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరలేదు. నా భాషలో, మనవాళ్లందరి ముందు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మేముండే హమామత్సు, టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో గంటన్నర దూరం. సుజుకి, యమహా కంపెనీలు పుట్టిన ఊరు. మా ఆయన ఇక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. టోక్యో నిషి కసాయిలో అయితే పక్క ఫ్లాట్‌లోనే మనవాళ్లు దొరుకుతారు. మా వీధిలో బయటి దేశం వాళ్లం మేం ఒక్కళ్లమే.

వచ్చిన వారానికే మా చెత్త సంచికి స్టిక్కర్ అంటించి, తీసుకోకుండా వదిలేసి వెళ్లారు. అందరి సంచులూ పోయాయి, మాదొక్కటే మిగిలింది. ఏం తప్పు చేశామో తెలియక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురింటి ఒబాసాన్ చూసి రోడ్డు దాటి వచ్చారు. పెద్దావిడను ఇక్కడ అలాగే పిలుస్తారు. నా పక్కన గొంతుక్కూర్చుని సంచి విప్పారు. నీళ్ల సీసా మూత తీసి ఒక పక్క పెట్టారు, దాని మీది కాగితం ఒలిచి మూత పక్కన పెట్టారు, సీసాను విడిగా ఉంచారు. ఒక్కమాట కూడా అనలేదు. సాయంత్రం మా తలుపు కొట్టి క్యాలెండర్ ఒకటి ఇచ్చారు. ఏ రోజు ఏ చెత్త వేయాలో ఆ తేదీల కింద తనే బొమ్మలు వేశారు.

ఇక్కడ కాలనీ సంఘం నోటీసులను ఒక అట్టకు పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. కైరన్‌బన్ అంటారు. చదివి, మన పేరు దగ్గర గుర్తు పెట్టి పక్కింటికి ఇవ్వాలి. మాకు వచ్చే ముందు అది ఒబాసాన్ ఇంటికి వెళ్తుంది. అందులో కాంజీ అనే కష్టమైన బొమ్మల్లాంటి అక్షరాలుంటాయి. ఆవిడ ప్రతి కాంజీ మీదా, దాన్ని ఎలా పలకాలో హిరగానా అనే తేలిక అక్షరాల్లో పెన్సిల్‌తో సన్నగా రాసి పంపేవారు. నేను చదవడం నేర్చుకున్నది క్లాసులో కన్నా ఆ కాగితాల మీదే ఎక్కువ.

కాన్పుకు మా అమ్మ రావాల్సింది. సరిగ్గా అప్పుడే ఆవిడకు మోకాలి ఆపరేషన్ పడింది. నొప్పులు మొదలైన రాత్రి మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఒబాసాన్ కొడుకు కారు తీశారు, వెనక సీట్లో ఆవిడ నన్ను పట్టుకుని కూర్చున్నారు. నేను నొప్పికి "అమ్మా" అన్నప్పుడల్లా ఆవిడా "అమ్మా, అమ్మా" అంటూ నా వీపు నిమిరారు. ఆ మాటకు అర్థం ఏమిటో తర్వాత చెప్పాను. ఇప్పటికీ తలచుకుంటే గొంతు పట్టేస్తుంది.

బిడ్డ పుడితే 14 రోజుల్లో నమోదు చేయించాలి, 30 రోజుల్లో వీసా హోదాకు దరఖాస్తు పెట్టాలి. ఆ టెన్షన్‌లో మా ఆయనకు తోడుగా కాలనీ సంఘం అధ్యక్షుడు రెండు ఆఫీసులకూ వెళ్లారు. నిషి కసాయి నుంచి ఒక తెలుగక్క వాము, సొంఠి, నెయ్యి మోసుకొచ్చి రెండు రోజులు నాకు పథ్యం వండిపెట్టారు. అక్కా, ఆ రుణం తీరేది కాదు.

ఏటా మే 3 నుంచి 5 వరకు హమామత్సులో గాలిపటాల పండుగ. కొన్ని వందల ఏళ్ల కిందట కోట ప్రభువుకు కొడుకు పుడితే పతంగి ఎగరేశారని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఏ వీధిలో ఎవరింట తొలి బిడ్డ పుడితే, ఆ బిడ్డ పేరుతో ఆ వీధివాళ్లు నకతాజిమా ఇసుక తిన్నెల దగ్గర పెద్ద పతంగి ఎగరేస్తారు. మాకు ఆ ఆలోచనే లేదు. మార్చిలో అధ్యక్షుడే వచ్చి "మీ పాపకు పతంగి కట్టించాలి కదా" అన్నారు. సాధారణంగా దాని మీద ఇంటి ముద్ర ఉంటుంది. మాకు అలాంటిది లేదంటే, "మీ అక్షరాలు ఉన్నాయి కదా" అన్నది ఒబాసానే. నేను కాగితం మీద పాప పేరు తెలుగులో రాసిచ్చాను. పతంగులు చేసే పెద్దాయన దాన్ని చూసి రాసిన తీరు చెప్పాలి: తలకట్టు ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలై, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

ఆ రోజు సముద్రం మీంచి గాలి బాగా వీచింది. బూరలు ఊదుతూ "ఒయ్‌షో, ఒయ్‌షో" అని అరుస్తూ ముప్ఫై మంది దాకా తాడు లాగారు. ధూల్‌పేట పతంగులతో పెరిగిన మా ఆయన వాళ్ల మధ్యలో, వీధి గుర్తున్న హప్పీ కోటు వేసుకుని లాగుతున్నారు. ఐదు నెలల పాపను ఎత్తుకుని నేను తల పైకెత్తాను. తెలుగు అక్షరాలు అంత పైకి వెళ్తాయని నేనెప్పుడూ అనుకోలేదు. పాప మాత్రం హాయిగా నిద్రపోయింది.

మొన్న అక్టోబరులో మా వీధి చివరింట్లో బాబు పుట్టాడు. వచ్చే మేలో వాడి పతంగి తాడు పట్టుకోవడానికి మా ఆయన ఇప్పటి నుంచే పేరు ఇచ్చి ఉంచారు. ఆ ఇంటి విందుకు పులిహోర చేస్తానని నేనూ ఒబాసాన్‌కు మాటిచ్చాను.