విషయం: అద్దె కారు డిపాజిట్‌లో కోత, జవాబు రాని మా ఫిర్యాదులు

ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం. మీ పేరు రాయకపోవడం అమర్యాద అని నాకు తెలుసు. కానీ మీ యాప్‌లో, వెబ్‌సైటులో ఎంత వెతికినా ఆ పదవిలో ఉన్నవారి పేరు గానీ, ఫోన్ నంబరు గానీ దొరకలేదు. ఆన్‌లైన్‌లో వ్యాపారం చేసే సంస్థలు ఆ వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు చేరినట్టు 48 గంటల్లోగా తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి అని కూడా అందులోనే ఉంది. నా విషయంలో రెండూ జరగలేదు.

వానాకాలం చివర్లో నేను, మా వారు మీ దగ్గర కారు తీసుకుని ఆదిలాబాద్ జలపాతాలకు వెళ్లాం. పొచ్చెర, కుంతాల చూసి, వచ్చేటప్పుడు నిర్మల్‌లో కొయ్యబొమ్మలు కొనుక్కుని, మర్నాడు రావిర్యాలలోని వండర్లాలో గడపాలని అనుకున్నాం. ఉద్యోగాలు చేసే ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. కుంతాలలో వందల మెట్లు దిగి బండ మీద కూర్చుంటే, 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతున్న కడెం నీళ్ల హోరుకు పక్కనున్న మనిషి మాట వినపడలేదు. తుంపరకు నా చున్నీ పూర్తిగా తడిసిపోయింది. అంతవరకు అంతా మేము అనుకున్నట్టే సాగింది.

తిరిగి వస్తుంటే నేరడిగొండకు కొంచెం ఇవతల కారు ఆగిపోయింది. ఏం చెడిందో ఇక్కడ రాయను. యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. దానికి మిమ్మల్ని నిందించడం లేదు. మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసిన తర్వాత జరిగినదానికే ఈ లేఖ రాస్తున్నాను.

మొదట మాట్లాడిన అబ్బాయి మేము హైదరాబాద్‌లో ఏ ప్రాంతంలో ఉన్నామని అడిగాడు. నేరడిగొండ, ఆదిలాబాద్ జిల్లా అని చెప్పాను. సరేనని, అది హైదరాబాద్‌లో దేనికి దగ్గర అని మళ్లీ అడిగాడు. 44వ నంబరు జాతీయ రహదారి, నిర్మల్ దాటాక, అని విడమరచి చెబుతుండగానే లైన్ కట్టయింది. తర్వాత ఎత్తిన అమ్మాయికి మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. ఆమె కారు ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పంపమంది. అక్కడ సిగ్నల్ సరిగా లేదు. మా వారు ఫోన్ పైకెత్తి పట్టుకుని రోడ్డు వెంట నడుస్తూ ఒక్కొక్కటే పంపారు. అన్నీ చేరాక పై అధికారి మాట్లాడతారని చెప్పి ఆమె పెట్టేసింది. ఆ పై అధికారి ఇప్పటివరకు మాట్లాడలేదు.

చీకటి పడుతోంది. పక్కన టీ కొట్టు నడిపే పెద్దాయన మా అవస్థ చూసి, అడగకుండానే తనకు తెలిసిన మెకానిక్‌ను పిలిపించాడు. ఆ మెకానిక్ టార్చిలైటు నోట్లో కరుచుకుని, కారు కిందికి దూరి, హైదరాబాద్ వరకు నెమ్మదిగా నడిచేలా చేశాడు. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. నిర్మల్‌లో ఆగనే లేదు.

మర్నాడు వండర్లా గేటు ముందు వరుసలో నిలబడ్డాం. అప్పుడు వచ్చింది మీ ఫోన్! కారు ఇంకా నేరడిగొండలోనే ఉందా, లాక్కెళ్లడానికి బండి పంపమంటారా అని. జరిగింది చెబితే, ఆ సంగతి తమ దగ్గర నమోదు కాలేదని, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. మా వారు పార్కింగ్‌లో ఎండలో నిలబడి ఒకరి తర్వాత ఒకరికి అదే కథ చెబుతూ ఉండిపోయారు. నేను రెండు టికెట్లు చేతిలో పెట్టుకుని లోపల బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ పూట ఎవరు తిరిగిస్తారు?

కారు అప్పగించాక డిపాజిట్‌లో కోత పెట్టారు. అనుమతి లేకుండా బయట మరమ్మతు చేయించామట. అనుమతి అడగడానికే కదా చీకటి పడేదాకా మీకు ఫోన్లు చేశాం! ఈమెయిల్ రాసిన ప్రతిసారీ ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని అవే రెండు వాక్యాలు వచ్చాయి. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? మాతో మాట్లాడకుండా ఎలా పరిష్కరించారు? చివరికి ఒక ఉద్యోగి, ప్రధాన కార్యాలయం వేరే రాష్ట్రంలో ఉంది, మీరు ఏమైనా చేయాలంటే అక్కడికే వెళ్లాలి అన్నాడు. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన మాట అది.

పెళ్లైన కొత్తలో అరకు వెళ్లింది మీ కారులోనే. మా అత్తగారిని శ్రీశైలం తీసుకెళ్లిందీ మీ కారులోనే. మా ఆఫీసులో ఎవరు అడిగినా మీ పేరే చెప్పేదాన్ని. ఆ నమ్మకానికి మీరిచ్చిన విలువ ఇదా?

కోసిన డబ్బు మొత్తం, మెకానిక్‌కు మేమిచ్చిన డబ్బు వెనక్కి ఇవ్వండి. దానికంటే ముందు, పేరు చెప్పుకోగల ఒక బాధ్యుడు మా వారికి ఫోన్ చేసి, ఆయన చెప్పేది పూర్తిగా విని, క్షమాపణ చెప్పాలి. వారం రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేయవచ్చు, వకీలు కూడా అక్కరలేదు. మీ ఉద్యోగికి ఆ సంగతి తెలియజేయండి. కాల్ వివరాలు, ఫొటోలు, మీ ఈమెయిళ్లు అన్నీ భద్రంగా ఉన్నాయి. బుకింగ్ రసీదు, కోత చూపించిన బిల్లు ఈ లేఖకు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ పాత కస్టమరు, హైదరాబాద్