కూసాలు పీకే ముందే కొలత వేయించండి

సంపాదకుల వారికి,

అయ్యా,

వానలు తగ్గగానే మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తోటల కంచెలు బాగుచేసే పని మొదలవుతుంది. దాని వెంటే గట్టు తగాదాలూ వస్తాయి. ఖర్చు సగం సగం పెట్టుకుందామంటే ఒప్పుకునే మనుషులే, కూస (కంచెకు నాటే రాతి స్తంభం) ఎక్కడ నాటాలన్న దగ్గర కొట్టుకుంటారు.

ఒరిగిన రాతి కూసాలన్నీ ఒక్కసారే పీకేసి, జేసీబీతో గట్టు చదును చేయిస్తే పాత హద్దుకు ఆనవాలే మిగలదు. ఆ తర్వాత ఇద్దరివీ నోటిమాటలే. అందుకని ముందు తీగ మాత్రమే విప్పండి. ఇరువురూ ఉండగా మూల రాళ్ల మధ్య నైలాన్ తాడు లాగి, ఏ కూస ఎటు ఎంత జరిగిందో రాసుకుని ఫోటోలు తీయండి. మూల రాయే కనబడకపోతే ఎఫ్-లైన్ అర్జీ (పొలం హద్దు కొలవమని సర్వే శాఖకు పెట్టే దరఖాస్తు) పెట్టి సర్వేయరు చేత కొలిపించాలి. పక్క రైతుకు నోటీసు అందకుండా వేయించిన కొలత మళ్లీ గొడవకే దారి. పాత ఎఫ్‌ఎంబీల్లో (సర్వే శాఖ వారి పొలం కొలతల పటాల్లో) కొలతలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 7.92 అంగుళాలు. అలాంటి పటం చేతబట్టుకుని రెండంగుళాల కోసం కోర్టుకెక్కడం దండగ. రీసర్వే పూర్తయిన ఊళ్లలో ఎల్‌పీఎం (కొత్త కొలతలతో వేసిన భూమి పటం) చూసుకోవాలి.

ఇక పని సంగతి. 330 అడుగుల గట్టుకు పదడుగులకొకటి చొప్పున 34 కూసాలు పడతాయి. ఏడడుగుల రాయిలో రెండడుగులు భూమిలోకి పోవాలి. రెండు చివర్లకు ఒక్కోటి, నడిమి కూసకు రెండు పక్కలా ఊత రాళ్లు, అంటే మరో నాలుగు. వీటి దగ్గరే అందరూ పొదుపు చేస్తారు, ఆ కంచే ముందు ఒరుగుతుంది. ఎందుకంటే తీగ బిగువంతా చివరి కూసే మోయాలి. గుంతలో ఎర్రమట్టి వదులుగా పోస్తే తుఫాను వానకు మెత్తబడి రాయి కదులుతుంది. రాళ్లూ మట్టీ కలిపి అరడుగుకొకసారి గడ్డపారతో కూరాలి. ఐదు వరసలకు 12 గేజి ముళ్లతీగ సుమారు 55 కిలోలు పడుతుంది. అడవిపందులొస్తాయని కంచెకు కరెంటు మాత్రం పెట్టకండి. అది నేరం, పైగా చచ్చేది పందే అన్న నమ్మకమూ లేదు.

పని మొదలుకాక ముందే ఒప్పందం కాగితం మీద పెట్టాలి: హద్దు గీత, ఎవరి వాటా ఎంత, తీగ ఏ వైపు, తర్వాతి మరమ్మతు ఎవరిది. తీగ ఎవరి వైపుంటే కంచె వాళ్లదేనని రేపు ఎవరో ఒకరు అనకుండా పోరు. ఒకరు చైన్‌లింక్ జాలీ కావాలంటే ఆ అదనపు ఖర్చు వారిదే. పక్కవారు కలిసి రాకపోతే మీ భూమిలోనే అడుగు లోపలికి వేసుకోండి. కానీ వదిలిన జాగా మీదేనని వారి సంతకంతో రాయించుకోండి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో నోటీసైనా పంపండి. పన్నెండేళ్లు ఊరుకుంటే, తమ అనుభవంలో ఉంది గనుక ఆ జాగా తమదేనని వారి నుంచి స్వాధీనం వాదన లేస్తుంది.

అప్పటికీ తెగకపోతే దావా వేయకముందే న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు. ఇద్దరూ రాజీపడితే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. ఉచిత సలహాకు 15100కు ఫోన్ చేయవచ్చు.

అధికారులకు ఒక్క మనవి. మామిడి కోతలు మొదలయ్యేలోపే ఎఫ్-లైన్ కొలతలు ముగించాలి. అర్జీకి కావలసిన కాగితాలు, రుసుము ప్రతి సచివాలయం గోడ మీదా రాయించాలి.

– ఒక మామిడి రైతు, దామలచెరువు