వార్షిక నివేదిక: కౌంటర్‌వెయిట్ల తయారీ

గౌరవ సభ్యులకు నమస్కారం.

అమెరికాలో సొంతంగా విమానాలు నిర్మించుకుంటున్న తెలుగువారి మన సంఘం, ఈ ఏడాది ఐలరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్లు అనే, విమానాన్ని తిప్పే కదిలే ఫలకాలకు సమతూకం కోసం కీలుకు ముందు అమర్చే బరువుల, అంటే కౌంటర్‌వెయిట్ల తయారీపైనే ప్రధానంగా దృష్టి పెట్టింది. ఇంత చిన్న భాగానికి ఇంత సమయమా అని కొందరు సభ్యులు అడిగారు. ఈ ఫలకాల బరువు కీలుకు వెనుక ఎక్కువైతే, వేగం పెరిగినప్పుడు గాలి ఒత్తిడి, నిర్మాణపు సాగుడు, ఫలకపు జడత్వం ఒకదానికొకటి తోడై ఫ్లటర్ అనే కంపనం పుట్టవచ్చు. అది పైలట్ తేరుకునేలోపే ఫలకాన్ని ఊడదీయగలదు.

ఆర్‌వీ-7 వంటి విమానాల కిట్లతో (విడిభాగాల సెట్లతో) ఎలివేటర్ కొమ్ముల్లో, అంటే కీలుకు ముందుకు పొడుచుకొచ్చిన చివరల్లో బిగించే సీసపు దిమ్మెలు సిద్ధంగానే వస్తాయి కనుక, వాటిని తొలిచి సరిచూసుకుంటే సరిపోతుంది. కిట్ లేకుండా ప్లాన్లు చూసి కట్టే సభ్యుల కోసమే ఆరుబయట సీసం పోత ఏర్పాటు చేశాం. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అచ్చులో తడి ఏమాత్రం ఉన్నా అది ఒక్కసారిగా ఆవిరై కరిగిన లోహాన్ని చిమ్ముతుంది కాబట్టి, ప్రతి అచ్చునూ ముందుగా వేడిచేసి ఆరబెట్టాం. కారు చక్రాలకు వాడిన పాత తూకపు ముక్కల్లో జింకువీ కలిసి ఉంటాయి గనుక వాటిని దూరం పెట్టాం.

సీసపు గుళ్లను ఎపాక్సీ జిగురులో కలిపి పోయడం తేలికే. అయితే గుళ్ల మధ్య సందుల వల్ల ఆ మిశ్రమం ఘనసెంటీమీటరుకు సుమారు 7 గ్రాములే తూగుతుంది, అంటే గట్టి సీసపు 11.3 గ్రాములకు చాలా తక్కువ. చోటు ఇరుకుగా ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదని సంఘం అభిప్రాయం. 19.3 గ్రాములు తూగే టంగ్‌స్టన్ ఉత్తమమే గాని, ధర చూసి ఎవరూ ముందుకు రాలేదు.

బరువు ఎంత అన్నదానికన్నా అది ఎలా బిగించబడింది అన్నదే మా పరిశీలనలో ఎక్కువ చర్చకు వచ్చింది. 2017 మార్పులకు ముందున్న అమెరికా ధ్రువీకరణ నియమాలు, కౌంటర్‌వెయిట్ బిగింపు ఫలకపు తలానికి లంబంగా 24 జీ (అంటే దాని సొంత బరువుకు 24 రెట్ల బలం), మిగతా రెండు దిశల్లో 12 జీ తట్టుకోవాలని కోరేవి. ఆ లెక్కన 450 గ్రాముల దిమ్మె 10.8 కిలోల భారంగా లాగుతుంది. సొంత నిర్మాణాలకు ఆ నియమం వర్తించకపోయినా, దాన్నే కొలబద్దగా తీసుకోవాలని సూచించాం. సీసం అల్యూమినియాన్ని నేరుగా తాకితే, తేమ చేరినప్పుడు అల్యూమినియం తినుకుపోతుంది కనుక, మధ్యలో ప్రైమర్ పూత తప్పనిసరి.

రంగు వేశాక తూకం మళ్లీ చూడాలి. కీలుకు 30 సెంటీమీటర్ల వెనుక చేరిన ఒక్క గ్రాము రంగుకు, 10 సెంటీమీటర్ల ముందు 3 గ్రాములు కావాలి. రూపకర్త ఇచ్చిన పరిమితిని మాత్రం ఎవరూ సొంత ఊహతో మార్చరాదు.

వచ్చే ఏడాది రంగు వేయించదలచిన సభ్యులు, తూకపు స్టాండు కోసం కార్యదర్శికి ముందుగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.