అప్‌డేట్ చేస్తే ఫుట్‌బాల్ గేమ్ బాగుపడుతుందా?

సంపాదకులకు నమస్కారం.

బతుకమ్మ, దసరా సెలవులు దగ్గరపడే వేళకే ఏటా కొత్త ఫుట్‌బాల్ వీడియో గేమ్ (ముందు ఫిఫా, ఇప్పుడు ఎఫ్‌సీ పేరుతో) కూడా వస్తుంది. నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ ఉన్న పిల్లలు పాత గేమ్‌నే అప్‌డేట్ చేస్తే కొత్తదైపోతుందనుకుని, ఆ రోజు మొబైల్ డేటా అంతా హాట్‌స్పాట్‌లో పోస్తున్నారు. హనుమకొండ, కాజీపేట తల్లిదండ్రులు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

అప్‌డేట్లు రెండు రకాలు. ఒకటి ప్రోగ్రాములోని తప్పులు దిద్దేది: మ్యాచ్ మధ్యలో గేమ్ ఆగిపోవడం, మెనూ బిగుసుకుపోవడం లాంటివి. ఇది తప్పక వేసుకోవాలి. రెండోది ఎవరు ఏ జట్టులో ఉన్నారో మార్చే స్క్వాడ్ అప్‌డేట్. మెస్సీ 2023లో ఇంటర్ మయామికి మారాడు. అలాంటి మార్పు స్క్వాడ్ ఫైల్‌లో వచ్చినా, అప్పటికే ఆడుతున్న కెరీర్‌లో (ఒక జట్టును సీజన్ల తరబడి నడిపే ఆటలో) కనబడదు. కొత్త స్క్వాడ్‌తో కెరీర్ మళ్లీ మొదలుపెట్టాలి. ఇది తెలియకే అప్‌డేట్ పని చేయలేదని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు.

ఆటతీరు మాత్రం అప్‌డేట్‌తో మారేది చాలా తక్కువ. స్విచ్‌లో ఫిఫా 20 నుంచి 23 దాకా వచ్చినవన్నీ 'లెగసీ ఎడిషన్'లే. అంటే జెర్సీలు, జట్లు కొత్తవి, ఆట పాతదే. ఆటను నడిపే ఇంజిన్ మారింది 2023లో, ఎఫ్‌సీ 24తో. అదీ అప్‌డేట్‌గా కాదు, విడిగా కొనాల్సిన గేమ్‌గా. 2018లో ఫిఫా 18కు ఉచితంగా ఇచ్చిన వరల్డ్ కప్ అప్‌డేట్ లాంటివి అరుదు.

ఆటగాడు తనంతట తానే పక్కకు నడుస్తుంటే అది గేమ్ తప్పు కాదు, చాలాసార్లు కంట్రోలర్ మీది స్టిక్ అరిగి ఉంటుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్' కింద స్టిక్‌ను క్యాలిబ్రేట్ చేయండి, అంటే సరిచేయండి. అప్పటికీ ఆగకపోతే స్టిక్ మార్చాల్సిందే.

కార్ట్రిడ్జ్ కొన్నా అప్‌డేట్ అందులోకి ఎక్కదు, కన్సోల్ మెమరీలోకో మైక్రో ఎస్‌డీ కార్డులోకో వెళ్తుంది. మామూలు స్విచ్‌లో ఉన్నదే 32 జీబీ. చోటు చాలకపోతే ఆడని వేరే గేమ్‌ను 'ఆర్కైవ్' చేయండి; గేమ్ ఫైళ్లు పోయి చోటు మిగులుతుంది, ఎక్కడిదాకా ఆడారో దాచిన సేవ్ ఎక్కడికీ పోదు. 'డిలీట్ సేవ్ డేటా' జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇద్దరి దగ్గర స్విచ్‌లుంటే, ఒకరు డౌన్‌లోడ్ చేస్తే చాలు. గేమ్ మీద ప్లస్ బటన్ నొక్కి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో 'మ్యాచ్ వెర్షన్ విత్ లోకల్ యూజర్స్' ఎంచుకుంటే రెండో దానికి డేటా ఖర్చు లేకుండానే వచ్చేస్తుంది.

దుకాణదారులకు ఒక విన్నపం. పెట్టె మీద 'లెగసీ ఎడిషన్' అని ఉంటే, దాని అర్థమేమిటో డబ్బు తీసుకోకముందే తెలుగులో చెప్పండి.

— ఒక పాఠకుడు, హనుమకొండ