వెనిస్ ఒక్కరోజు ట్రిప్: ఈ సీజన్‌లో ఏం మార్చాం, ఎందుకు మార్చాం

పడోవా నుంచి శనివారాల్లో మేం నడిపే వెనిస్ ఫ్యామిలీ ట్రిప్ ధర ఈ సీజన్ నుంచి పెద్దవాళ్లకు తలకు 4 యూరోలు పెరుగుతోంది. అందులో 2 యూరోలు కొత్తగా కలిపిన త్రగెత్తోకి, అంటే కాలువ దాటించే పడవకి. మిగతా 2 ఎందుకంటే, గ్రూపును 18 మంది నుంచి 12కి తగ్గించాం. 18 మందిని ఒకే వాపొరెట్టో (కాలువల్లో బస్సులా తిరిగే పడవ) ఎక్కించడం కుదరడం లేదు, సగం మంది రేవులోనే ఉండిపోతున్నారు.

ముందుగా మా వల్ల జరిగిన తప్పు చెప్పాలి. రద్దీ రోజుల్లో ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 లోపు వచ్చే సందర్శకుల దగ్గర వెనిస్ నగరపాలక సంస్థ ప్రవేశ రుసుము తీసుకుంటోంది. 2024లో అలాంటి రోజులు 29 ఉంటే, 2025లో 54 అయ్యాయి. నాలుగు రోజుల ముందే కడితే 5 యూరోలు, ఆలస్యమైతే 10. అంటే శనివారం ట్రిప్‌కి మంగళవారమే ఆఖరు. మేం బుధవారం దాకా బుకింగులు తీసుకుని కొందరి చేత 10 కట్టించాం. అదనంగా కట్టిన 5 యూరోలు వాళ్లకి తిరిగి ఇచ్చేస్తున్నాం. ఇకపై బుకింగ్ సోమవారం సాయంత్రం 6కే ఆపేస్తాం.

పడోవాలో నివాస నమోదు ఉన్నవాళ్లకు ఈ రుసుము లేదు, పడోవా, వెనిస్ ఉన్న వెనెతో ప్రాంతమంతటికీ మినహాయింపు ఉంది. మీ ఇంటికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం ఉంటుంది. 14 ఏళ్లలోపు పిల్లలకు లేదు. వెనిస్ నగరపాలక సంస్థ పరిధిలోనే ఉన్న మెస్త్రేలో హోటల్లో దిగిన బంధువులు కట్టక్కర్లేదు గానీ, మినహాయింపు క్యూఆర్ కోడ్ తీసుకుని తీరాలి.

అసలు మార్పు దారిలో ఉంది. ఇదివరకు పొద్దున నడిపించి, సాయంత్రం సాన్ మార్కో రేవులో పడవ ఎక్కించేవాళ్లం. ఆ వేళకి ఊరంతా అక్కడే ఉంటుంది. రెండు మూడు పడవలు వదిలేయాల్సి వచ్చి, రైలు తప్పిపోయేది. ఇప్పుడు పొద్దున్నే పడవ. స్టేషన్ ఎదురుగా ఉన్న ఫెర్రోవియా రేవులో కాకుండా, వంతెన దాటి పియాజ్జాలే రోమా రేవుకి వెళ్లి 1వ నంబరు వాపొరెట్టో ఎక్కుతాం. అది అక్కడే బయల్దేరుతుంది కాబట్టి సీట్లు దొరుకుతాయి. తర్వాతి రేవు ఫెర్రోవియాకి వచ్చేసరికి నిలబడే చోటు కూడా ఉండదు. స్ట్రోలర్ ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల వంతెన ఎక్కకుండా ఫెర్రోవియాలోనే ఎక్కండి. పడవ నిండుగా ఉంటే వదిలేయండి, పది పన్నెండు నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. సాన్ మార్కో వల్లరెస్సో రేవులో దిగితే సాన్ మార్కో చౌక్ దాకా ఒక్క వంతెన కూడా అడ్డు రాదు.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం డబ్బాలు చౌక్‌లో విప్పకండి. మెట్ల మీద, నేల మీద కూర్చుని తింటే జరిమానా. పావురాలకు గింజలు వేసినా అంతే, పిల్లలకు ముందే చెప్పండి. అందుకే తీరం వెంబడి ఇరవై నిమిషాలు నడిచి జార్దీని పార్కుకి వెళ్తాం. అక్కడ చెట్ల నీడ, బెంచీలు ఉన్నాయి.

వయసు పైబడి ఎక్కువ నడవలేనివాళ్లు తిన్నాక ఆ పార్కు రేవులోనే 1వ నంబరు ఎక్కి స్టేషన్‌కి తిరిగి వెళ్లొచ్చు. పడవ సాన్ మార్కోకి ముందే ఇక్కడ ఆగుతుంది కాబట్టి కూర్చునే వెళ్తారు. 75 నిమిషాల టికెట్ 9.50, రానూపోనూ 19. 24 గంటల టికెట్ 25 కాబట్టి, మూడోసారి పడవ ఎక్కేవాళ్లకే అది గిట్టుబాటు. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. నడిచేవాళ్లం రియాల్టో వంతెన దాటి, చేపల మార్కెట్ పక్కన త్రగెత్తో ఎక్కుతాం. అది 2 యూరోలకు కాలువ దాటించే గొండోలా. రెండు మూడు నిమిషాలే అయినా, తెడ్డు నీళ్లను కోసే చప్పుడు చెవి పక్కనే వినిపిస్తుంది. అవతలి గట్టు నుంచి స్త్రాదా నోవా వీధి మీదుగా స్టేషన్‌కి నడక.

గొండోలా షికారు ప్యాకేజీలో లేదు. పగలు అరగంటకు 90 యూరోలు, అది పడవకి, మనిషికి కాదు. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. కావాలంటే రెండు కుటుంబాలు కలిసి మాట్లాడుకోండి.

సాన్ మార్కో బసిలికా చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకునే వెళ్లాలి. స్లీవ్‌లెస్ జాకెట్టు వేసుకుంటే చున్నీ తెచ్చుకోండి. బ్యాక్‌ప్యాక్ లోపలికి రానివ్వరు, చేతిసంచి చాలు.

బుక్ చేసేటప్పుడు అందరి పుట్టినతేదీలు, శుక్రవారం రాత్రి ఎవరెవరు ఏ ఊళ్లో ఉంటున్నారో రాయండి. రుసుము లెక్క వాటిమీదే ఆధారపడి ఉంటుంది.